మనవాళ్ళు కనబడరు

గృహప్రవేశానికి ముందురోజు మధ్యాహ్నం తనూజ ఆఖరి స్క్రూ బిగించి నిచ్చెన దిగింది. జుట్టు నిండా సున్నం పొడి.

మొత్తం ఐదు కెమెరాలు. గేటు మీద, వరండాలో, హాల్లో, వంటింటి తలుపు దగ్గర, పెరట్లో. పనివాళ్ళనెవరినీ పిలవలేదు. గోడకు కన్నాలు తానే వేసింది. వైర్లు పైపుల్లోంచి తానే లాగింది. గేటు కెమెరా ఎండవేళ సూర్యుడికి ఎదురుగా ఉంటోందని మూడుసార్లు విప్పి మూడుసార్లు బిగించింది.

"మా మేస్త్రీ అడుగుతున్నాడు. మేడమ్ గారు ఖాళీగా ఉంటే పక్క సైటుకి పంపిస్తారా అని," అన్నాడు భర్త త్రినాథ్. అతను ఓడరేవులో క్రేన్ల విభాగం ఇంజనీరు. చేతిలో ఏడు నెలల కూతురు వెన్నెల.

"పంపించు. ముందు ఈ నిచ్చెన పట్టుకో."

ఆ కెమెరాలు బజారులో దొరికేవి కావు. రుషికొండ మీద తనూజ పనిచేసే ల్యాబులో తయారైన చిప్ వాటిలో ఉంది. దానితో నలభై ఇళ్ళలో ప్రయోగం జరుగుతోంది. అందులో తనూజ ఇల్లు ఒకటి. ఆ చిప్ ఏం చేస్తుందో మర్నాడు వచ్చిన చుట్టాలందరికీ త్రినాథే చూపించాడు.

హాలంతా జనం. ముందు నడిచిన ఆవు అప్పటికే పెరట్లో అరటిపళ్ళు తింటోంది. త్రినాథ్ టీవీ పెట్టి, "అందరూ ఇటు చూడండి. ఈ టీవీలో కనబడేది ఈ హాలే," అన్నాడు.

టీవీలో హాలు ఖాళీగా ఉంది. చాపలు, పీట, హోమం పొగ. మనిషి లేడు.

"ఓలమ్మో! మనవేరీ?" అంది త్రినాథ్ తల్లి సన్యాసమ్మ. టీవీ ముందు చెయ్యి ఊపింది. తెర మీద గాలి కూడా కదల్లేదు.

"మనవాళ్ళు కనబడరమ్మా. పరాయివాడు గడప దాటితేనే కనబడతాడు. తనూజ ఫోను మోగుతాది. ఈ వీడియోలు ఎవడైనా దొంగిలించినా మన ఇంటి ఆడాళ్ళు వాడి కంటపడరు. ఖాళీ ఇల్లే."

"ఆవు కనబడతాదేటి?"

"పొద్దున్నే నేర్పించీశాం. ఆవూ మనదే."

అందరూ నవ్వారు. పిల్లలు టీవీ ముందు గెంతి, తమ చేతుల్లోని బూరలు కూడా మాయమవుతున్నాయని కేకలు పెట్టారు. ఒంటి మీద ఉన్నదీ, చేతిలో ఉన్నదీ మనిషితోపాటు చెరిగిపోతుంది. కింద పెడితే మళ్ళీ ప్రత్యక్షం.

స్విచ్ వేసిన మొదటి రోజు గడప దాటిన ప్రతివాళ్ళనీ ఆ యంత్రం 'మనవాళ్ళు'గా నేర్చుకుంటుంది. ల్యాబు పెద్ద కూర్మారావు అందుకే ముందే చెప్పాడు, మొదటి రోజు ఇంటివాళ్ళు తప్ప ఎవరూ ఉండకూడదని.

"చుట్టం వచ్చినప్పుడల్లా ఫోను మోగితే మా అత్తగారు కెమెరాల మీద గోనెసంచి కప్పేస్తారు సార్," అంది తనూజ. "అందరినీ ఒకేసారి నేర్పించేస్తాను. తర్వాత జాబితా చూసుకుంటాం."

జాబితా చూసుకున్నారు. నూట పన్నెండు ముఖాలు. ప్రతి ముఖానికీ భార్యా, భర్తా ఇద్దరూ 'అవును' నొక్కాలి. పొరపాటు జరగకూడదని తనూజే పెట్టిన ఏర్పాటు అది. త్రినాథ్ ముందు నొక్కి ఫోను ఆమెకిచ్చాడు. తొంభై ఆరో ముఖం దగ్గర తనూజ వేలు ఆగింది. నలభై ఏళ్ళ మనిషి. శుభ్రంగా దువ్విన తల. భోజనాల దగ్గర బకెట్టు పట్టుకుని వరస వరసకీ పులిహోర వడ్డించింది ఇతనే. 'చెల్లెమ్మా, నువ్వు తిన్నావా?' అని ఆ రోజు తనని అడిగినవాడు ఇతనొక్కడే.

ఎవరితను అని త్రినాథ్‌ని అడగబోయి ఊరుకుంది. పెళ్ళయిన కొత్తలో వాళ్ళ పెదనాన్న గారిని చూసి "ఈయనెవరు?" అన్నందుకు అతను రెండు రోజులు మాట్లాడలేదు. భర్త అప్పటికే 'అవును' నొక్కి ఉన్నాడు. ఆమె కూడా నొక్కింది.

*

నాలుగు నెలలు గడిచాయి. తనూజ సెలవు అయిపోయి ల్యాబుకు వెళ్తోంది. పాప సన్యాసమ్మ దగ్గర ఉంటుంది. ఆదివారం ఆదివారం తనూజ మెత్తని గుడ్డతో కెమెరాల అద్దాలు తుడిచి, సాలెగూళ్ళు దులిపి, వానచెమ్మ చేరకుండా రబ్బరు మూతలు సరిచూసేది. రోజూ పని మధ్యలో నాలుగైదుసార్లు ల్యాబు కంప్యూటర్లో ఇల్లు చూసుకునేది. ఖాళీ హాలు, ఖాళీ వరండా. నేల మీద బొమ్మలు ఉన్నట్టుండి మాయమై ఇంకోచోట తేలేవి. అంటే వెన్నెల ఆడుకుంటోంది. వంటింటి ముందు చేట ప్రత్యక్షమయ్యేది. అంటే అత్తగారు బియ్యం ఏరడం అయిపోయింది. బాగానే ఉంది. ఫోను మోగలేదంటే ఇంట్లో పరాయివాడు లేడు.

ఆ మంగళవారం పొద్దుటి నుంచీ వాన.

పదకొండు గంటలకు తనూజ టీ తాగుతూ తెర వైపు చూసింది. గేటు కెమెరాలో గ్రిల్ గేటు తెరుచుకుంది. మూసుకుంది. ఎవరూ లేరు. అత్తగారు పాల ప్యాకెట్టుకి వెళ్ళి వచ్చారనుకుంది.

వరండా మెట్టు దగ్గర ఒక జత చెప్పులు ప్రత్యక్షమయ్యాయి. మగవాడి తోలు చెప్పులు.

అవి ఆమె అంతకు ముందు కూడా చూసింది. త్రినాథ్‌వి అనుకునేది. అతని షిఫ్టు రోజుకో రకం. కానీ ఇవాళ అతను పొద్దున్నే బూట్లు వేసుకుని వెళ్ళడం తాను చూసింది.

బూడిదరంగు పలకల మీద ఒక తడి అడుగు పడింది.

దాని ముందు ఇంకొకటి. తర్వాత ఇంకొకటి. పెద్ద పాదాలు. తొందర లేని నడక. చెప్పులు విడిచిన చోటి నుంచి హాల్లోకి, ఆ ఖాళీ ఇంట్లో, ఒక్కొక్క అడుగే తనంతట తాను పుడుతూ వెళ్ళింది. చిప్ మనిషిని చెరిపేస్తుంది. మనిషి నేల మీద వదిలిన నీళ్ళు మాత్రం ఇంటివే.

అడుగులు ఉయ్యాల దగ్గర ఆగాయి. ఉయ్యాల ఊగడం మొదలుపెట్టింది.

తనూజ చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టింది. జాబితా తెరిచింది. ఎవరి తరఫో తనకు తెలియని ముఖాలేమైనా ఉన్నాయా అని వెతికింది. ఒక్కటే ఉంది. తొంభై ఆరు.

త్రినాథ్‌కి ఫోన్ చేసింది. వెనక క్రేన్ల హోరు.

"గృహప్రవేశం రోజు పులిహోర వడ్డించాడు చూడు, తల దువ్వుకుని... ఆయన నీకేమవుతాడు?"

"నాకేటవుతాడు? మీవాళ్ళే కదా."

"మావాళ్ళు కాదు."

"నిన్ను చెల్లెమ్మా అని పిలిచాడు తనూ. నేను విన్నాను. అందుకే నొక్కాను."

"నేను నువ్వు నొక్కావని నొక్కాను."

"ఇంటికి బయల్దేరు. ఇప్పుడే," అని ఆమె ఫోన్ పెట్టేసి అత్తగారికి చేసింది. మూడోసారి మోగాక సన్యాసమ్మ ఎత్తింది.

"అత్తయ్యా, ఇంటికి ఎవరొచ్చారు?"

"ఇంకెవులొస్తారమ్మా, మీ అన్నయ్యే. మీ సినాన్న కొడుకు."

తనూజ తండ్రికి తమ్ముళ్ళు లేరు.

"ఎప్పట్నించి వస్తున్నాడు?"

"అదేటి, నీకు తెల్దా? మంగళారం, శుక్కురారం వస్తాడు గదా. గుంటనెత్తుకుని ఆడిస్తాడు, ఒక గంటుండి ఎల్లిపోతాడు. కాఫీ ఇస్తే కూడా వద్దంటాడు పాపం."

"ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు?"

"మీ పుట్టింటోళ్ళు వస్తన్నారని నీకే సెప్తే దెప్పినట్టుంటాది గదమ్మా. కోడలి వైపు మనిషి. నానేటని అడుగుతాను?"

"పాప ఎక్కడుంది?"

"అతగాడి దగ్గరే ఉంది. టీకాకి తీసుకెళ్ళమని నువ్వే సెప్పావంట గదా. నాను గదిలో గుంట గుడ్డలు సద్దుతున్నాను. సంచీ ఒకటి ఇప్పుడే ఇచ్చాను, ఇంకోటి..."

టీకా ఏదీ లేదు.

తెర మీద హాలు ఖాళీగా ఉంది. కుర్చీ మీద పాల సీసాల సంచీ ఉంది. తనూజ చూస్తుండగానే అది మాయమైంది. ఉయ్యాల ఆగిపోయింది. ఆరిపోతున్న తడి అడుగుల పక్కన కొత్త అడుగులు పడలేదు. పాదాలు ఆరిపోయి ఉంటాయి. అతను ఇప్పుడు ఎక్కడున్నాడో చెప్పేది ఆ ఇంట్లో ఏదీ లేదు. మెట్టు దగ్గర చెప్పులు తప్ప.

కూర్మారావు ఆమె కుర్చీ వెనకకు వచ్చి నిలబడ్డాడు. రెండు ముక్కల్లో సంగతి విన్నాడు. తనూజ అప్పటికే ఎర్ర బటన్ మీదికి బాణం తెచ్చింది. 'అందరినీ మరిచిపో.'

"ఆగు," అన్నాడు. "అందరినీ మరిచిపోతే అందరూ పరాయివాళ్ళే. ఇంట్లో పరాయివాడుంటే గేటు తాళం పడుతుంది. నువ్వు తియ్యందే ఊడదు. దొంగ పారిపోకూడదని పెట్టించింది నువ్వే. వాడు లోపలే ఉండిపోతాడు. పాపతో."

"లేకపోతే బయటికి వెళ్ళిపోతాడు సార్. పాపతో."

మెట్టు దగ్గర ఒక చెప్పు మాయమైంది.

ఆమె నొక్కింది.

తెరలు ఐదూ నల్లబడ్డాయి. మరిచిపోవడానికి ఇరవై సెకన్లు పడుతుంది. అది పదేళ్ళు పట్టినట్టుంది. సైరన్ మోగకుండా ఆమె చేత్తోనే ఆపింది. సైరన్ విని అతను ఏం చేస్తాడో ఆమెకు తెలియదు. కూర్మారావు పక్కకు వెళ్ళి పోలీసులకు ఫోన్ చేస్తున్నాడు. తగరపువలస పేరు, వీధి పేరు, గుర్తులు. "పది పన్నెండు నిమిషాలు పడుతుందంటున్నారు," అన్నాడు.

తెరలు వెలిగాయి.

గేటు దగ్గర మనిషి. తెల్ల చొక్కా. భుజాన పాప సంచీ. ఎడమచేతి మీద వెన్నెల, పసుపుపచ్చ టోపీతో, వేళ్ళు అతని కాలరులో దూర్చి. ఇద్దరి చుట్టూ ఎర్ర గీతలు. ఆ యంత్రానికి ఇప్పుడు వెన్నెల కూడా పరాయిదే.

నాలుగు నెలల్లో ఆ కెమెరాలో కూతుర్ని చూడటం తనూజకు అదే మొదటిసారి.

అతను గేటు లాగాడు. రాలేదు. రెండోసారి లాగలేదు. నెమ్మదిగా వరండాలోకి తిరిగి వచ్చి కెమెరా కింద నిలబడి తల పైకెత్తాడు.

తనూజ ఫోనులో గుసగుసగా అంది. "అత్తయ్యా, అరవకండి. ఆయన మా అన్నయ్య కాదు."

ఊపిరి చప్పుడు. "మరెవులమ్మా?"

"తెలీదు. పాపని ఆయన చేతిలోంచి తీసుకోవాలి. పాలసీసా పట్టుకుని మామూలుగా రండి. తీసుకున్నాక పడగ్గదిలోకెళ్ళి గడియ పెట్టుకోండి. నేను చెప్పేదాకా తియ్యకండి."

తర్వాత కంప్యూటర్లో మైకు తెరిచింది. వరండా స్పీకర్లో తన గొంతు వినబడుతుంది. తన గొంతు ఎలా ఉండాలో ఒక్క క్షణం ఆలోచించుకుంది.

"అన్నయ్యా," అంది. "గేటు పడిపోయిందా? కరెంటు పోయి వచ్చింది. నేనిక్కణ్ణుంచి సరిచేస్తున్నా. రెండు నిమిషాలు."

అతను పాప టోపీ సర్దాడు.

"నేనొచ్చానని ఎలా తెలిసింది చెల్లీ?"

"అత్తయ్య చెప్పారు. ఇప్పుడే ఫోన్ చేశాను. టీకాకి తీసుకెళ్తున్నావట కదా. నాకు గుర్తే లేదు. మంచిపని చేశావు."

"నేను కనబడుతున్నానా?"

కూర్మారావు పెన్ను జారి కిందపడింది.

"నువ్వెందుకు కనబడతావు అన్నయ్యా?" నవ్వింది. ఆ నవ్వు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. "మనవాళ్ళెవరూ కనబడరు. ఆ రోజు టీవీలో చూశావుగా. ఖాళీ వరండా కనబడుతోంది."

"ఖాళీగా ఉందా?"

"ఖాళీగానే ఉంది."

అతను కెమెరా వైపు కళ్ళు తిప్పకుండా చూస్తూ వెన్నెలను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. మెట్ల అంచుదాకా నడిచాడు. కింద రాతి పలకలు, వాననీళ్ళు. పాపను తలపైకెత్తి గాలిలోకి ఎగరేశాడు.

ఎగరేసి చేతులు కిందికి దించేశాడు.

అతని చూపు పాప మీద లేదు. కెమెరా మీద ఉంది. చూసే తల్లి ఏ చప్పుడు చేస్తుందో వినడానికి.

"ఇంకో నిమిషం అన్నయ్యా," అంది తనూజ. "ఈ గేటుది ఎప్పుడూ ఇదే గొడవ. వానకి తుప్పు పట్టింది."

ఆఖరి క్షణంలో అతను చేతులు చాపి పాపను అందుకున్నాడు. స్పీకర్లో వెన్నెల కిలకిలా నవ్వింది. ఆ ఆట పాపకు కొత్త కాదు.

అతను మళ్ళీ ఎగరేశాడు. ఈసారి ఇంకా పైకి. తనూజ ఎడమచేతి వేళ్ళు పళ్ళ మధ్య పెట్టుకుంది. నోట్లో ఉప్పగా తగిలింది. కూర్మారావు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

పాపను అందుకుని అతను చాలాసేపు కెమెరాను చూశాడు. తర్వాత మొదటిసారి నవ్వాడు. చుట్టపు నవ్వు.

"సరే చెల్లీ. తొందరేం లేదు."

అప్పుడు సన్యాసమ్మ వచ్చింది. మోకాలి నొప్పితో ఒక పక్కకు ఒరుగుతూ, చేతిలో పాలసీసాతో. తనూజ ఆమె ముఖం చూసింది. ఆ ముఖంలో ఏమీ లేదు.

"ఇలాగియ్యి నాయనా. పాలు తాగించకుండా సూదిమందుకి అట్టుకెళ్తే మీ సెల్లి నన్ను కడిగీస్తాది. ఆ గేటూ నీలాగే ఉంది, ఒక్కసారి సెప్తే వినదు."

"నేను పడతానులే అత్తా."

"నువ్వు పట్టీది ఏటి, మగోడివి! మొన్న నువ్వు పట్టితే ముక్కులోకెల్లిపోనాది. ఇటియ్యి."

చేతులు చాపింది. అతను ఒక్క క్షణం ఆగాడు. ఇంటి పెద్దావిడ చేతులు చాపి బిడ్డనడిగితే ఇవ్వని చుట్టం ఉండడు. ఇవ్వకపోతే అతను చుట్టం కాదు. అది అతనికీ తెలుసు.

ఇచ్చాడు.

సన్యాసమ్మ తొందరపడలేదు. పాప మూతి తుడిచింది. "కూకో నాయనా, తాగించీసి తెస్తాను," అంది. హాలు దాటింది. గది తలుపు మూసుకుంది. లోపల గడియ పడిన చప్పుడు వరండాదాకా వినబడింది.

అతనూ విన్నాడు.

కొంచెంసేపు ఆ తలుపు వైపే చూశాడు. తలుపు మీదికి వెళ్తాడనుకుంది తనూజ. అతను కదల్లేదు. తల పైకెత్తాడు.

"కనబడుతున్నాను కదూ?"

"కనబడుతున్నావు," అంది తనూజ.

అతను సంచీ భుజం మీంచి తీసి, పాలసీసాలు పడిపోకుండా గోడకు ఆనించి పెట్టాడు. చెప్పులు విడిచి అరుగు మీద కూర్చున్నాడు. జీపు వచ్చి, తనూజ గేటు తాళం తీసేదాకా అలాగే కూర్చున్నాడు.

*

తనూజ ఇల్లు చేరేసరికి వీధిలో జనం. త్రినాథ్ కూడా అప్పుడే వచ్చాడు. గేటుకి ఇవతల ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య అతను నిలబడి ఉన్నాడు. తడిసిన తెల్ల చొక్కా. కెమెరాలో కంటే చిన్నగా ఉన్నాడు.

ఎస్సై విసుగ్గా ఉన్నాడు. "పేరు చెప్పడు, ఊరు చెప్పడు. ఎవరి తరఫు మనిషివిరా అంటే ఇంటివాళ్ళ తరఫు అంటాడు. మీరెలా రానిచ్చారమ్మా నాలుగు నెలలు?"

త్రినాథ్ తనూజ వైపు చూసి, తల దించుకున్నాడు.

తనూజ పిలవగానే సన్యాసమ్మ గడియ తీసి పాపతో వరండాలోకి వచ్చింది. గదిలో ఉన్నంతసేపూ గట్టిగా ఉన్న మనిషి, కోడల్ని చూడగానే మెట్టు మీదే కూలబడింది. తనూజ పరుగెత్తి వెళ్ళి వెన్నెలను అందుకుంది. వెచ్చని ఒళ్ళు, పాల వాసన. గుండెకు అదుముకుంది.

పాప వెనక్కి విరుచుకుంది. చేతులతో తల్లి ముఖాన్ని నెట్టేసింది. తల్లి భుజం మీదుగా గేటు వైపు ఒంగి, రెండు చేతులూ చాచింది.

"మావ," అంది.

వెన్నెల అప్పటిదాకా ఒక్క మాట కూడా పలకలేదు. అమ్మ అనలేదు, నాన్న అనలేదు.

జీపు ఎక్కుతున్నవాడు ఆగి వెనక్కి చూశాడు. కానిస్టేబులు లోపలికి తోశాడు. జీపు మలుపు తిరిగేదాకా పాప ఆ మాటే ఏడుస్తూ అరిచింది. తనూజ ఎంత గట్టిగా పట్టుకుంటే అంత గట్టిగా ఏడ్చింది.

మర్నాడు తనూజ నిచ్చెన వేసుకుని ఐదు కెమెరాలూ విప్పేసింది. కన్నాలు సిమెంటుతో పూడ్చింది. తక్కిన ముప్ఫై తొమ్మిది ఇళ్ళ జాబితాలూ భార్యాభర్తల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి ఒక్కొక్క ముఖమే అడిగించమని కూర్మారావుకు రాసింది. నెల రోజులు సెలవు పెట్టింది.

శుక్రవారం పొద్దున ఎండ కాసింది. తనూజ వరండాలో కూర్చుని కూతురి ముందు రంగు గిన్నెలు పేర్చింది. ఒకదాని మీద ఒకటి పెట్టి పడగొట్టింది. వెన్నెల కాసేపు ఆడింది. హాల్లో గడియారం పదకొండు కొట్టింది. పాప గిన్నె వదిలేసి, పాకుతూ మెట్టు దాకా వెళ్ళి, గేటు వైపు చూస్తూ కూర్చుంది.

తనూజ లేచి వెళ్ళి పాపకూ గేటుకూ మధ్యన కూర్చుంది. "అమ్మ," అంది తన గుండె మీద చెయ్యి వేసి చూపిస్తూ. "అమ్మ అను. అమ్మ."

వెన్నెల ఒక పక్కకు ఒంగింది. తల్లి అడ్డు తప్పించుకుని, గేటు చూస్తూ, చేతులు పైకెత్తింది. ఎవరో ఎత్తుకుని గాలిలోకి ఎగరేస్తారని.